మెర్సిడెస్ డి-3 ఇంజన్ అంత బరువుతో నీళ్లు మోస్తూ ఎందుకు ఎగిరింది?

ప్రశ్న అడిగినవారి సందేహం క్లుప్తంగా ఇది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ విమానాలకు ఎక్కువగా బిగించిన మెర్సిడెస్ డి-3 ఇంజన్ శక్తి 160 హార్స్‌పవర్. నీళ్లు, రేడియేటరు కలపకుండానే దాని బరువు సుమారు 300 కిలోలు. అదే కాలానికి చెందిన ఫ్రెంచి లె రోన్ రోటరీ (సిలిండర్లే తిరుగుతూ గాలికి చల్లబడే) ఇంజన్ 110 హార్స్‌పవర్ ఇచ్చేది, బరువేమో 150 కిలోలకు అటూ ఇటూ. నీళ్లే అక్కరలేని తేలికైన ఇంజన్ అందుబాటులో ఉండగా, ఆరు సిలిండర్లను వరుసగా నిలబెట్టి, వాటిని చల్లబరచడానికి నీళ్లు మోసుకుపోవడం డిజైన్ లోపం కాదా?

నా సమాధానం: లోపం కాదు. అయితే బరువు విషయంలో మీ లెక్క సరైనదే. తక్కువసేపు ఎగిరే ఫైటర్ విమానానికి ఇంజనూ, ఇంధనమూ, నూనే, నీళ్లూ అన్నీ కలిపి తూచినా రోటరీయే తేలిక. నీటి వల్ల దొరికింది తేలికదనం కాదు. సిలిండర్ హెడ్డునూ ఎగ్జాస్ట్ వాల్వునూ నిలకడగా ఒకే వేడిలో ఉంచే వీలు దొరికింది. ఆ వీలు ఉన్నందువల్లే పెద్ద పిస్టన్లు, ఎక్కువ కంప్రెషన్ (మండించే ముందు మిశ్రమాన్ని నొక్కే మోతాదు), గంటల తరబడి తగ్గని శక్తి సాధ్యమయ్యాయి. టెస్ట్ బెంచి మీద ఒక నిమిషంలో తీసిన హార్స్‌పవర్‌ను బరువుతో భాగించి రెండు ఇంజన్లను పోలిస్తే ఈ తేడా ఎక్కడా కనిపించదు.

నేను పని చేసిన కాలంలో ఎక్కువ భాగం విమాన పిస్టన్ ఇంజన్ల ఓవర్‌హాల్‌లోనే గడిచింది. మొదట మన దేశంలో శిక్షణ విమానాల ఎయిర్‌కూల్డ్ ఇంజన్ల మీద, తర్వాత యూరప్‌లో పాతకాలపు ఇంజన్లను మళ్లీ నడిచే స్థితికి తెచ్చే ఒక వర్క్‌షాపులో పనిచేశాను. కింద రాసేది ఆ రెండు రకాల పనీ చేతులతో చేసిన అనుభవం నుంచి రాస్తున్నాను.

విషయం 1903లో రైట్ సోదరుల ఇంజన్‌తో మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే అదీ నీటితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్ (సిలిండర్లు ఒకే వరుసలో ఉండే) ఇంజనే. వారి దుకాణంలో మెకానిక్‌గా ఉన్న చార్లీ టేలర్ దాన్ని ఆరు వారాల్లో తయారు చేశాడు. క్రాంక్‌కేసును, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టు ఉండే పెట్టెను, అల్యూమినియంతో పోతపోశారు. బోరూ (సిలిండర్ లోపలి వ్యాసం) స్ట్రోకూ (పిస్టన్ కదిలే దూరం) నాలుగేసి అంగుళాలు. దానికి నీటి పంపు లేదు, రెక్కల మధ్య నిలువు కమ్మీకి కట్టిన రేడియేటరు గొట్టాల్లో వేడినీళ్లు పైకి, చల్లనీళ్లు కిందికి వాటంతట అవే తిరగాలి. ఆ ఇంజన్ మొదటి క్షణాల్లో సుమారు 16 హార్స్‌పవర్ ఇచ్చి, నిమిషం గడిచేసరికి 12కు పడిపోయేది. కారణం స్పష్టం. నీళ్లు సిలిండర్ గోడ చుట్టూ మాత్రమే ఉండేవి, మంట మండే హెడ్డు భాగానికి చేరేవి కావు. హెడ్డూ వాల్వు గదులూ కాలిపోయేంత వేడెక్కేవి, లోపలికి వచ్చే గాలి అక్కడే వ్యాకోచించి పలచబడేది, సిలిండర్‌లో నిండే మిశ్రమం తగ్గేది. డిసెంబరు 17న అన్నిటికంటే పొడవైన ప్రయాణం 59 సెకన్లే కాబట్టి ఆ రోజుకు అది సరిపోయింది. కానీ శక్తి నిలవాలంటే నీళ్లు ఎక్కడికి చేరాలన్న పాఠం ఆ ఇంజన్‌లోనే ఉంది.

డి-3 దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం పూర్తిగా ఒంటబట్టింది. ఒక్కో సిలిండర్ విడివిడిగా ఉక్కుతో చేసినది, బోరు 140 మిల్లీమీటర్లు, స్ట్రోకు 160, ఆరూ కలిపితే దాదాపు 14.8 లీటర్లు. ఉక్కు బ్యారెల్‌కు ఉక్కు హెడ్డు, దాని చుట్టూ పలుచని ఉక్కు రేకుతో చేసి వెల్డింగ్ పెట్టిన నీటి జాకెట్. ఈ జాకెట్ సిలిండర్ పైభాగాన మూడింట రెండు వంతులను కప్పుతుంది. అంటే నీళ్లు ముఖ్యంగా హెడ్డు మీద, వాల్వు దారుల చుట్టూ, పిస్టన్ పైకి చేరినప్పుడు మంట తగిలే గోడ చుట్టూ తిరుగుతాయి. అడుగు భాగంలో వేడి తక్కువ కాబట్టి అక్కడ జాకెట్ వదిలేసి బరువు మిగిల్చారు. ఈ ఆరు సిలిండర్లనూ అల్యూమినియం క్రాంక్‌కేసు మీద బోల్టులతో బిగిస్తారు. పైన ఒకే క్యామ్‌షాఫ్టు, దాన్ని తిప్పడానికి వెనుక వైపు నిలువు షాఫ్టు, సిలిండర్‌కు ఒక ఇన్‌లెట్, ఒక ఎగ్జాస్ట్ వాల్వు, రెండేసి ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే రెండు మాగ్నెటోలు. క్రాంక్‌షాఫ్టుకు ఏడు మెయిన్ బేరింగులు, ప్రొపెల్లర్ నేరుగా దాని ముక్కుకే, వేగం నిమిషానికి 1,400 చుట్లకు అటూ ఇటూ.

ఈ ఇంజన్ గాలితో చల్లబడేలా ఎందుకు చేయలేదన్నది మీ ప్రశ్నకు మూలం. వరుసగా నిలబడ్డ ఆరు సిలిండర్లలో మొదటిదానికి చల్లని గాలి నిండుగా తగులుతుంది, ఆరోదాని దగ్గరికి మిగిలేది ముందు వాటి వేడిని మోసుకొచ్చిన గాలి. ముందు సిలిండర్ చల్లగా, వెనుకది మాడిపోతూ నడిస్తే కంప్రెషన్‌నూ మిశ్రమాన్నీ ఆ చివరి సిలిండర్ ఓర్చుకోగలిగినంతకే పరిమితం చేయాలి, అంటే ఇంజన్ మొత్తం శక్తి దాని బలహీనమైన సిలిండర్ చేతిలో ఉంటుంది. బ్రిటన్‌లో రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ వారి ఆర్.ఎ.ఎఫ్.-1ఎ అనే ఎయిర్‌కూల్డ్ వి-8 (రెండు వరుసల్లో ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ బి.ఇ.-2సి విమానాలను నడిపింది గానీ, దాని శక్తి 90 హార్స్‌పవర్ దగ్గరే ఉండిపోయింది. తర్వాత్తర్వాత గాలిని బాఫిల్ రేకులతో మళ్లించి ఈ సమస్యను అదుపులోకి తెచ్చారు. 1914 నాటికి ఆ పరిజ్ఞానమూ లేదు, హెడ్డు వేడిని త్వరగా లాగేసే మంచి అల్యూమినియం పోతలూ లేవు.

రోటరీ ఇంజన్ ఈ చిక్కును మరో దారిలో తప్పించింది. క్రాంక్‌షాఫ్టు కదలకుండా సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి కాబట్టి ప్రతి సిలిండర్‌కూ గాలి సమానంగా తగులుతుంది. 1909 ప్రాంతంలో గ్నోమ్ ఇంజన్ వచ్చినప్పుడు అది నిజంగా గొప్ప పరిష్కారం. కానీ అందులోనే పరిమితీ ఉంది. తిరిగే సిలిండర్లు గాలిని చిలకడానికే కొంత శక్తి పోతుంది, వేగం పెంచేకొద్దీ ఆ నష్టం దాదాపు వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల నష్టం అన్నమాట. దానికి తోడు, పెద్ద బరువు తిరుగుతుండడం వల్ల విమానం మలుపు తిరిగే తీరు ఎడమకు ఒకలా, కుడికి ఒకలా ఉంటుంది. 1918 నాటికి బెంట్లీ బి.ఆర్.-2 రోటరీ 230 హార్స్‌పవర్ వరకు వెళ్లింది కాబట్టి రోటరీ 110 దగ్గరే ఆగిపోయిందనడం సరికాదు. అయితే అది ఆ దారికి దాదాపు చివరి మజిలీ.

నూనె సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే జర్మనీ విషయంలో ఇది చాలా పెద్ద కారణం. రోటరీలో ఇంధన మిశ్రమం క్రాంక్‌కేసు గుండానే వెళుతుంది. మామూలు మినరల్ ఆయిల్ పెట్రోలులో కరిగి పలచబడిపోతుంది కాబట్టి పెట్రోలులో అంత తేలికగా కలవని ఆముదమే వాడాలి. పైగా వేసిన నూనె తిరిగి రాదు, కాలిపోయి ఎగ్జాస్టుతో బయటికి పోతుంది, గంటకు లీటర్ల కొద్దీ కావాలి. ఆ రోజుల్లో ప్రపంచానికి ఆముదం గింజలు ఎక్కువగా పంపింది మన దేశమే. తెలంగాణలో నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మెట్టపొలాల్లో ఆముదం పాతపంట అని మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. బ్రిటన్‌కు ఆ సరఫరా అందుబాటులో ఉంది, సముద్ర దిగ్బంధంలో ఉన్న జర్మనీకి లేదు. యుద్ధం చివరి ఏడాదిలో జర్మన్లు తమ రోటరీల్లో వోల్టోల్ వంటి బదులు నూనెలు వాడి ఇంజన్లు పాడుచేసుకున్నారు. డి-3లో నూనె తిరిగి తిరిగి వాడుకునేది, మినరల్ ఆయిల్‌తోనే పని జరిగేది.

ఇప్పుడు బరువు లెక్కను ఇంధనంతో కలిపి చూద్దాం. రోటరీ పెట్రోలూ నూనే రెండూ ఎక్కువగా తాగుతుంది. రెండు గంటల ప్రయాణానికి ఒక్కో హార్స్‌పవర్‌కు మోయాల్సిన మొత్తం బరువు నా స్థూల లెక్కలో రోటరీకే తక్కువ వస్తుంది. ఆరేడు గంటల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోతుంది. అందుకే 1917లో లండన్ మీద బాంబులు వేసిన గోథా విమానాలకు గానీ, రాత్రంతా ఎగిరే జెప్పెలిన్ గాలినౌకలకు గానీ రోటరీ పెట్టే ఆలోచనే రాలేదు. గోథాలకు రెండేసి మెర్సిడెస్ డి-4ఎ ఇంజన్లు ఉండేవి, ఒక్కోటి 260 హార్స్‌పవర్, అవీ ఆరు సిలిండర్ల వాటర్‌కూల్డ్ ఇన్‌లైన్లే. ఫైటర్‌లో మాత్రం నీటి ఇంజన్‌ను సమర్థించడానికి ఇంధన పొదుపు కారణం సరిపోదు, కొన్ని వ్యాసాల్లో అదే పెద్ద కారణమని రాయడం నాకు సమ్మతం కాదు.

ఫైటర్‌కు సంబంధించిన కారణం మొత్తం శక్తి. 1915లో ఫోకర్ మోనోప్లేన్ 80, 100 హార్స్‌పవర్ రోటరీలతో ప్రొపెల్లర్ గుండా కాల్చే ఒకే మెషిన్‌గన్ మోసేది. 1916 సెప్టెంబరులో జర్మన్ పైలట్ బోయెల్కే నాయకత్వంలోని యాస్టా-2 అనే ఫైటర్ దళానికి చేరిన అల్బాట్రాస్ డి-1, డి-2 విమానాలు డి-3 ఇంజన్ ఇచ్చిన 160 హార్స్‌పవర్‌తో రెండు మెషిన్‌గన్లు మోస్తూ కూడా ఎదుటివారి డి.హెచ్.-2, న్యూపోర్ట్ విమానాల కంటే వేగంగా వెళ్లాయి. కిలోకు ఎంత శక్తి అన్న లెక్కలో రోటరీ గెలిచినా, విమానం ముక్కు మీద నిజంగా ఉన్న శక్తి ఎంత అన్న లెక్కలో ఆ ఏడాది డి-3 గెలిచింది. ఆరు సిలిండర్ల వరుసకు సహజంగా ఉండే సమతూకం వల్ల ప్రకంపనలు తక్కువ, కర్రతో చేసిన విమానానికి అదీ ఆయుష్షే.

నీళ్లు ఎంత పని చేసేవో ఒక చిన్న లెక్క. 160 హార్స్‌పవర్ అంటే సుమారు 118 కిలోవాట్లు. ఇటువంటి ఇంజన్లలో షాఫ్టుకు అందే శక్తిలో సగానికి పైగా వేడి జాకెట్ నీళ్లలోకి వెళుతుంది, 70 కిలోవాట్లు అనుకుందాం. జాకెట్‌లోకి వెళ్లిన నీళ్లు పది డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి రావాలంటే నిమిషానికి వంద లీటర్ల నీళ్లు తిరగాలి. విమానంలో ఉన్న మొత్తం నీళ్లు అందులో కొంత భాగమే. కాబట్టి అవే నీళ్లు నిమిషానికి కొన్నిసార్లు ఇంజన్‌కూ రేడియేటరుకూ మధ్య చుట్టి రావాలి. పంపు ఇంపెల్లర్ కొంచెం అరిగినా, ఒక హోస్ లోపలి పొర ఊడి దారికి అడ్డుపడినా, హెడ్డు దగ్గర ఆవిరి బుడగలు పుట్టడానికి క్షణాలు చాలు.

అందువల్ల నా అభిప్రాయంలో ఈ ఇంజన్ల అసలు బలహీనత బరువు కాదు, నీటి దారి. వర్క్‌షాపులో మా చేతుల్లోకి వచ్చిన ఈ తరం ఇంజన్లలో పిస్టన్లూ బేరింగులూ చాలావరకు బాగానే ఉండేవి. ఎక్కువ పని జాకెట్ల మీదే జరిగేది. పలుచని ఉక్కు రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయటికి చక్కగా రంగు వేసి ఉంటుంది కాబట్టి చూపుకు దొరకదు. ప్రతి సిలిండర్‌నూ విడిగా గోరువెచ్చని నీళ్లతో, చాలా తక్కువ ఒత్తిడి మీద పరీక్షించి, వెల్డింగ్ కుట్టు పొడవునా చెమ్మ ఊరుతుందేమో చూసేవాళ్లం. చల్లగా ఉన్నప్పుడు పట్టి ఉండే సన్నని పగులు వేడెక్కితే తెరుచుకుంటుంది, అందుకే గోరువెచ్చని నీళ్లు. రెండో ముఖ్యమైన చోటు సిలిండర్‌కూ సిలిండర్‌కూ మధ్య నీళ్లు దాటే కలుపు గొట్టాలు. ఉక్కు సిలిండర్లు, అల్యూమినియం క్రాంక్‌కేసు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, ఆ కదలికను ఆ కీళ్లు భరించాలి. వాటిని గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకుని అతిగా బిగించినచోటే రేకు చిరిగిన ఇంజన్లు మా దగ్గరికి వచ్చాయి.

నీళ్ల నాణ్యత గురించి కూడా చెప్పాలి. ఉప్పునీళ్లు, సున్నం ఎక్కువగా ఉన్న బోరునీళ్లు పోసి నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు సీటు చుట్టూ సున్నపు గార పేరుకుంటుంది, సరిగ్గా వేడి ఎక్కువగా లాగాల్సిన చోటే. ఇత్తడి బిందె అడుగున గార కట్టినట్టే ఉంటుంది చూడడానికి, కానీ ఇక్కడ దాని ఫలితం కాలిన వాల్వు. ఇటువంటి ఇంజన్ నడిపేవారు డిస్టిల్డ్ వాటరుగానీ శుభ్రంగా పట్టిన వాననీరుగానీ, తుప్పును ఆపే మందు కలిపి వాడాలి. నింపేటప్పుడు నెమ్మదిగా నింపి, ఎత్తైన చోట ఉన్న కాక్ (చిన్న కుళాయి) తెరిచి గాలి పూర్తిగా పోనివ్వాలి. మొదలుపెట్టిన వెంటనే పూర్తి థ్రాటిల్ ఇవ్వకూడదు, ఆపే ముందు కొంతసేపు నెమ్మదిగా తిప్పాలి. ఒక్కసారిగా ఆపితే పంపు ఆగిపోతుంది, హెడ్డులోని వేడి మాత్రం ఆగదు, కదలని నీళ్లు అక్కడే మరుగుతాయి.

యుద్ధకాలపు పైలట్లకు ఈ నీటి దారి మరో రకంగా ప్రమాదకరం. అల్బాట్రాస్ డి-1లో రేడియేటర్లు ముక్కుకు రెండు పక్కలా ఉండేవి, తర్వాత వాటిని తీసేసి పై రెక్క మధ్యలో ఒకటి అమర్చారు. అల్బాట్రాస్ డి-3 విమానాల్లో (ఇంజన్ పేరూ డి-3యే గానీ ఇది విమానం పేరు) ఆ రేడియేటరు సరిగ్గా పైలట్ తలకు ముందుగా ఉండడం వల్ల దానికి తూటా తగిలితే మరిగే నీళ్లు అతని ముఖం మీద పడేవి. ఆ కారణంగానే తర్వాతి విమానాల్లో దాన్ని రెక్కలోనే కుడివైపుకు జరిపారు. రోటరీ నడిపేవారికి ఈ బాధ లేదు, ఒక్క తూటాతో చల్లదనం మొత్తం పోయే పరిస్థితి వారికి లేదు. ఇది నీటి ఇంజన్‌కు నిజమైన లోటే, దాన్ని తక్కువ చేసి చెప్పను.

ఎత్తు మీద నీళ్లు తొందరగా మరుగుతాయన్నది చాలామంది మరిచిపోయే మరో చిక్కు. ఆ కాలపు వ్యవస్థలో ఒత్తిడి ఉండదు, బయటి గాలికి తెరిచే ఉంటుంది. 5,000 మీటర్ల ఎత్తున నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ ఎత్తున బయటి గాలి గడ్డకట్టే చలికి చాలా దిగువన ఉంటుంది కాబట్టి రేడియేటరు అవసరానికి మించి చల్లబరుస్తుంది, కానీ వేగం తగ్గించి ఎక్కువ శక్తితో పైకి ఎక్కుతున్నప్పుడు మాత్రం నీళ్లు మరిగే హద్దుకు చేరతాయి. అందుకే రేడియేటరుకు మూత తలుపులు పెట్టి పైలట్ వాటిని సర్దుకునే ఏర్పాటు చేశారు. చలికాలంలో గ్లిజరిన్‌గానీ ఆల్కహాల్‌గానీ కలిపేవారు. ఆల్కహాల్ ముందుగా ఆవిరైపోతుంది, గ్లిజరిన్ చిక్కగా ఉండి తిరగడం మందగిస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్ విమానాల్లోకి వచ్చింది 1920ల చివరలోనే.

మొదట్లో కంప్రెషన్ పెంచే వీలు గురించి అన్నాను, దానికి మంచి ఉదాహరణ 1917లో వచ్చిన బి.ఎం.డబ్ల్యూ.-3ఎ. మెర్సిడెస్ ఇంజన్లు తయారుచేసే డైమ్లర్ కంపెనీ వదిలి వచ్చిన మాక్స్ ఫ్రిజ్ దాన్ని రూపొందించాడు. అదీ ఆరు సిలిండర్ల వాటర్‌కూల్డ్ ఇన్‌లైనే, కానీ డి-3లో నాలుగున్నరకు దగ్గరగా ఉన్న కంప్రెషన్ నిష్పత్తి ఇందులో ఆరు దాటింది. నేల దగ్గర పూర్తి థ్రాటిల్ ఇస్తే నాకింగ్‌తో (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండడంతో) ఇంజన్ దెబ్బతింటుంది, గాలి పలచబడే ఎత్తుకు చేరాక తెరవాలి. ఈ ఇంజన్‌తో వచ్చిన ఫోకర్ డి-7 ఎఫ్ విమానం ఎత్తుల్లో మెర్సిడెస్‌తో ఉన్న అదే విమానాన్ని సులభంగా వెనక్కి నెట్టింది. 1919లో ఆ వరుసలోని బి.ఎం.డబ్ల్యూ.-4తో ఫ్రాంజ్ జెనో డీమర్ 9,760 మీటర్ల ఎత్తుకు వెళ్లాడు. ఇంత కంప్రెషన్‌ను ఆనాటి రోటరీ హెడ్డు భరించేది కాదు.

ఇన్‌లైన్ ఆరు సిలిండర్ల ఆకారమే ఉత్తమమని మాత్రం నేను అనను. అది పొడవైనది, పొడవైన క్రాంక్‌షాఫ్టూ క్రాంక్‌కేసూ మోయడం వల్లే బరువులో కొంత భాగం వచ్చింది, అందుకు నీళ్లను తప్పుపట్టకూడదు. 1915లో మార్క్ బిర్కిట్ రూపొందించిన హిస్పానో-సూయిజా వి-8 కూడా వాటర్‌కూల్డే. కానీ విడి ఉక్కు సిలిండర్లకు బదులు నాలుగేసి సిలిండర్లను ఒకే అల్యూమినియం పోతలో పెట్టి, లోపల ఉక్కు స్లీవులు మరబిగించడంతో పొట్టిగా, గట్టిగా, చెప్పుకోదగ్గంత తేలికగా వచ్చింది. స్పాడ్, ఎస్.ఇ.-5ఎ విమానాలు దానితోనే ఎగిరాయి. డి-3ను పోల్చి చూడవలసింది రోటరీతో కాదు, ఈ హిస్పానోతో. అప్పుడు డి-3 బరువు గురించి మీరు అడిగిన ప్రశ్నకు మరింత పదును వస్తుంది, ఎందుకంటే ఆ పోలికలో డి-3 నిజంగానే బరువైన ఇంజన్.

ఇక నీళ్లు లేకుండా ఎగరాలన్న మీ ఆలోచన కూడా తర్వాత నిజమైంది. యుద్ధం తర్వాత రోటరీలు కనుమరుగయ్యాయి గానీ, సిలిండర్లు కదలకుండా చుట్టూ అమర్చిన రేడియల్ ఇంజన్లు అల్యూమినియం హెడ్లతో, లోపల సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వులతో మెరుగుపడి, నీళ్లు చేసిన పనిని గాలితోనే చేయడం నేర్చుకున్నాయి. 1927 మేలో లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు 33 గంటలకు పైగా ఆగకుండా వెళ్లింది అటువంటి రైట్ జె-5 ఎయిర్‌కూల్డ్ ఇంజన్ మీదే.